పంతొమ్మిది దాటకూడదు

మా నాన్నగారికి ఒక లెక్క ఉండేది. ప్రెస్సు మస్టర్లో, అంటే హాజరు పుస్తకంలో, పేర్లు పంతొమ్మిది దాటకూడదు. ఎందుకని అడిగితే "దాటితే తలనొప్పి" అనేవారు, అంతకు మించి చెప్పేవారు కాదు. గోదావరి గట్టు పక్క ఊళ్ళో మాది చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు ఏడాదంతా ఉంటాయి. వేసవి వస్తే స్కూళ్ళ నోటు పుస్తకాలు. అసలు సంపాదన ఆ మూడు నెలలదే.

2013లో ఆయనకి పక్షవాతం వచ్చింది. హైదరాబాద్‌లో ఎనిమిదేళ్ళు చేసిన ఉద్యోగం వదిలేసి వచ్చి నేను గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాను. ఆ ఎనిమిదేళ్ళూ నా పేస్లిప్‌లో పీఎఫ్ అని ఒక గడి ఉండేది. అందులో అంకె ఎంతో ఒక్కసారి కూడా పట్టించుకోలేదు. జీతం ఎకౌంట్లో పడిందా లేదా, అంతే. అలాంటివాణ్ణి ఒక్కసారిగా పధ్నాలుగు మందికి జీతాలు ఇవ్వాల్సినవాణ్ణయ్యాను.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో నోటు పుస్తకాల టెండరు ఒకటి పడింది. పీఎఫ్ కోడ్, ఈఎస్ఐ (పనివాళ్ళ ఆరోగ్య బీమా) కోడ్ ఉన్నవాళ్ళే వేయాలని షరతు. మాకు రెండూ లేవు. "ఇరవై మంది లేకపోయినా మనంతట మనం చేరతామని దరఖాస్తు పెట్టొచ్చు, ఇదేం పెద్ద పని కాదు" అన్నారు మా ఆడిటర్ గారు. పీఎఫ్ చట్టం 1952 నాటిది. ఇరవై మంది, ఆపైన పనిచేసే చోట అది తప్పనిసరి. తక్కువ ఉన్న చోట యజమానీ పనివాళ్ళూ ఒప్పుకుంటే చేరొచ్చు. నాన్నగారి పంతొమ్మిది ఎక్కడిదో నాకు ఆ రోజు తెలిసింది.

దరఖాస్తు పెట్టాక పీఎఫ్ ఆఫీసు నుంచి ఒక ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్ మా ప్రెస్సుకి వచ్చారు. మర్యాదస్తుడు, కాఫీ కూడా వద్దన్నారు. మస్టర్ చూశారు, పధ్నాలుగు పేర్లు. తర్వాత బ్యాలెన్స్ షీట్ అడిగి, ఖర్చుల పేజీలో ఒక చోట వేలు ఆపారు.

"బైండింగ్ కూలీ 4,86,000. ఇది ఎవరికిస్తున్నారు?"

"మేస్త్రికండి. అచ్చయిన ఫారాలు మడతపెట్టడం, కుట్టడం, జిగురు పెట్టడం అతను చేయిస్తాడు."

"ఎక్కడ?"

నేను నోరు తెరిచేలోపే వెనక రేకుల షెడ్డులోంచి పెద్దగా నవ్వులు వినిపించాయి. చాపల మీద కూర్చుని తొమ్మిది మంది ఆడవాళ్ళు ఫారాలు ఏరుతున్నారు. వాళ్ళలో కొందరు నేను నిక్కర్లు వేసుకునే రోజుల నుంచీ అక్కడే ఉన్నారు. పైగా మేస్త్రి బిల్లుల మీద మేమే ఒక శాతం టీడీఎస్ (ముందే పట్టే ఆదాయపు పన్ను) పట్టి కడుతున్నాం. అంటే వాళ్ళు మా పని చేస్తున్నారని మూడు నెలలకోసారి ప్రభుత్వానికి మేమే రాసిస్తున్నాం.

పధ్నాలుగూ తొమ్మిదీ ఇరవై మూడు. కాంట్రాక్టరు ద్వారా వచ్చి మన పని చేసేవాళ్ళు కూడా చట్టం లెక్కలో మన ఉద్యోగులే. ఆయన గొంతు పెంచలేదు, బెదిరించలేదు. పాత వోచర్లు తిరగేసి, దొరికిన కాగితాలని బట్టి 2013 ఏప్రిల్ నుంచి మేము చట్టం కిందకి వస్తామని రాశారు. వెళ్ళేముందు ఇంకో మాట చెప్పారు. ఒకసారి లోపలికి వచ్చాక రేపు పది మందే మిగిలినా బయటికి దారి లేదట.

పదకొండు నెలల బాకీ పడింది. అప్పట్లో మా దగ్గర సగటు జీతం 5,500, నెల మొత్తం మీద 1,26,500. అందులో పనివాళ్ళ వాటా 12 శాతం, మా వాటా 12 శాతం, బీమాకీ నిర్వహణ ఖర్చులకీ కలిపి అప్పటి రేట్ల ప్రకారం ఇంకో 1.61 శాతం. పదకొండు నెలలకి 3,56,000 పైన తేలింది. "పనివాళ్ళ వాటా వాళ్ళ జీతాల్లో కొంచెం కొంచెంగా పట్టుకుంటానండి" అన్నాను. కుదరదన్నారు. జీతం ఇచ్చిన రోజు పట్టని వాటాని తర్వాత వసూలు చేసే హక్కు యజమానికి లేదు. రెండు వాటాలూ నేనే కట్టాలి. దాని మీద ఏడాదికి 12 శాతం వడ్డీ. ఇంకా ఆలస్యానికి నష్టపరిహారమని వేరే ఉంది, ఆరు నెలలు దాటిన బాకీకి అప్పటి రేటు ఏడాదికి 25 శాతం. మేస్త్రి మనుషుల తాలూకు సొమ్ము మేస్త్రి దగ్గర రాబట్టుకోవచ్చని చట్టంలో ఉందని తెలిసి అతన్ని అడిగాను. మర్నాటి నుంచి అతను రావడం మానేశాడు.

ఆ ఏడాది సీజన్ డబ్బంతా బాకీకే పోయింది. టెండరు కూడా మాకు రాలేదు. సంగతి చెబితే నాన్నగారు మంచం మీద నుంచే బాగున్న చెయ్యి ఎత్తి, "పంతొమ్మిది" అనబోయి ఊరుకున్నారు.

డబ్బు కట్టేశాక పని అయిపోయిందనుకున్నాను. జీతాల రోజున తెలిసింది, అప్పటికింకా ఏమీ మొదలు కాలేదని. 6,000 జీతం వాళ్ళకి పీఎఫ్ 720, ఈఎస్ఐ 105 పట్టుకుని 5,175 చేతిలో పెట్టాను. మిషన్ మీద చేసే కుర్రాడు నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, "ఇదేంటండి బాబూ, మా డబ్బు మీరు పట్టి ఎవరికో కట్టడమేంటి?" అన్నాడు. ఆడవాళ్ళు ఇంకా సూటిగా అడిగారు. "మాకొద్దని సంతకం పెట్టిస్తామండి, మాది మాకిచ్చేయండి." ఆ సంతకం చెల్లదు. వద్దనే వీలు వాళ్ళకీ లేదు, ఇవ్వననే వీలు నాకూ లేదు. ఈ మాట చెబితే ఇద్దరికీ కోపమే వస్తుంది.

చివరికి పాడైపోయిన ఒక అట్ట మీద స్కెచ్ పెన్నుతో గీసి చూపించాను. మీ 720 మొత్తం మీ పీఎఫ్‌లోకి పోతుంది. నేను వేసే 720 రెండు ముక్కలవుతుంది. 8.33 శాతం, అంటే 500 రూపాయలు, పెన్షన్ ఖాతాకి. మిగిలిన 220 మళ్ళీ మీ పీఎఫ్‌లోకే. పెన్షన్ ఖాతాకి కేంద్ర ప్రభుత్వం కూడా జీతంలో 1.16 శాతం కలుపుతుంది. మీరు సర్వీసులో ఉండగా పోతే ఇంట్లోవాళ్ళకి బీమా, భార్యకో భర్తకో పెన్షన్. పదేళ్ళ సర్వీసు ఉంటే 58 ఏళ్ళకి మీకే నెలనెలా పెన్షన్.

కటింగ్ మిషన్ సత్తిబాబు గారు (పేరు మార్చాను) అంతా విని, "పదేళ్ళంటే నేనుంటానో ఉండనో" అన్నారు. 1994 నుంచీ మా దగ్గరే ఉన్నారాయన. "లేకపోతే మీ ఆవిడకొస్తుందండి" అన్నాను. ఆయన నవ్వి, "అయితే పట్టుకోండి" అన్నారు. ఆయన ఊఁ అన్నాక మిగతావాళ్ళు గొణుక్కుంటూ సంతకాలు పెట్టారు.

ఆ సెప్టెంబర్‌లో పీఎఫ్ జీతం పరిమితి 6,500 నుంచి 15,000కి పెరిగింది. అప్పుడే ఒక కన్సల్టెంట్ నాకు ఉచిత సలహా ఒకటి ఇచ్చాడు. జీతాన్ని ముక్కలు చేసి బేసిక్ తక్కువ చూపించి, మిగతాది ప్రత్యేక అలవెన్సు, రవాణా అలవెన్సు అని రాస్తే పీఎఫ్ సగానికి సగం తగ్గుతుందట. చుట్టుపక్కల అందరూ అలాగే చేస్తున్నారన్నాడు. చేద్దామనే అనుకున్నాను, అబద్ధమెందుకు. కనీస వేతనం కంటే బేసిక్ తక్కువ చూపిస్తే అక్కడ ఇంకో కేసు తగులుకుంటుందని ఆడిటర్ గారు ఆపారు. 2019 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సులు కూడా పీఎఫ్ లెక్కలోకి వస్తాయని. ముక్కలు చేసినవాళ్ళంతా ఆ వారం ఫోన్లలోనే ఉన్నారు. ఇప్పుడైతే 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలోనే ఆ దారికి అడ్డు ఉంది. వేతనం కింద లెక్కపెట్టని అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటిన మేరకు వేతనంలోనే కలుపుతారు.

వృత్తి పన్ను గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నెలకి 15,000 లోపు వాళ్ళకి సున్నా, 20,000 దాకా 150, ఆపైన 200. జీతంలో పట్టి మనం కట్టడమే. ఆదాయపు పన్ను పట్టాల్సినంత జీతం మా ప్రెస్సులో ఎవరికీ రాలేదు.

ఈఎస్ఐ మీద ఆడవాళ్ళకి మొదటి నుంచీ చిన్నచూపే. "ఆ డిస్పెన్సరీకి పోతే రోజు కూలి పోతుందండి" అనేవారు. 2015లో ఒక హెల్పరు చెయ్యి రోలర్ల మధ్య పడి రెండు వేళ్ళు నలిగాయి. ఏడు వారాలు పనిలోకి రాలేదు. వైద్యం ఈఎస్ఐ చూసుకుంది, ఆ ఏడు వారాలకీ జీతంలో 90 శాతం లెక్కన డబ్బు కూడా ఇచ్చింది. ఇదివరకైతే నాన్నగారు ఆస్పత్రి ఖర్చు పెట్టుకుని, రెండు వేలు చేతిలో పెట్టి, తర్వాత జీతంలో పట్టుకునేవారు. ఆ తర్వాత 105 గురించి ఎవరూ గొణగలేదు. ఇప్పుడు వాళ్ళ వాటా ఇంకా తగ్గింది. 2019 జులై నుంచి వాళ్ళది 0.75 శాతం, మాది 3.25.

ఇక పేర్లు. పీఎఫ్‌లో నాకు డబ్బు కట్టడం కంటే కష్టమైంది ఇదే. సత్తిబాబు గారు మా మస్టర్లో "సత్తిబాబు". అందరూ అలాగే పిలుస్తారు, ఆయనా అలాగే సంతకం పెడతారు. ఆధార్ తీసి చూస్తే వీర వెంకట సత్యనారాయణ, ఇంటిపేరు వెనక. అన్నవరం దేవుడికి మొక్కుకుని కన్న కొడుకులు మా జిల్లాలో ఇంటికొకరు ఉంటారు, అందరూ సత్తిబాబులే. కంప్యూటర్‌కి ఈ సంగతి ఎవరు చెబుతారు? ఆడవాళ్ళలో ముగ్గురికి మస్టర్లో అత్తింటి ఇంటిపేరు, ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు. ఒకామెకి తండ్రి పేరు ఉండాల్సిన చోట భర్త పేరు పడింది. యూఏఎన్‌కి (ప్రతి పీఎఫ్ సభ్యుడికీ ఇచ్చే నంబరు) ఆధార్ కలపాల్సి వచ్చినప్పుడు, 2017లో, ఇరవై మూడు మందిలో పదకొండు మందివి తిరిగొచ్చాయి. ఒక్కొక్కరికీ యజమానీ ఉద్యోగీ కలిసి సంతకం పెట్టే సవరణ పత్రం, దానికి ఆధారాలు. మా గుమాస్తా ఆ నెలంతా పేర్లే రాశాడు. కొత్తవాళ్ళు చేరితే మొదటి రోజే ఆధార్ కార్డు పక్కన పెట్టుకుని, అందులో అక్షరం ఎలా ఉంటే అలాగే ఎక్కించడం అప్పటి నుంచి మొదలెట్టాం. నామినీ పేరు కూడా ఆ రోజే. పెళ్ళి కాకముందు అమ్మ పేరో నాన్న పేరో రాసినవాళ్ళది పెళ్ళయిన రోజుతో చెల్లకుండా పోతుంది, కొత్తగా రాయాలి. మా కుర్రాళ్ళ పెళ్ళి శుభలేఖలు మా ప్రెస్సులోనే అచ్చవుతాయి కాబట్టి ఈ ఒక్క విషయంలో మేము మర్చిపోయే ప్రమాదం లేదు.

మంగమ్మ గారి సంగతి ఇంతవరకూ చెప్పకుండా దాటేస్తున్నాను. (ఇదీ అసలు పేరు కాదు.)

రేకుల షెడ్డులో నవ్వినవాళ్ళలో ఆవిడ ఒకరు. ఫారాలు ఏరడంలో ఆవిడ చెయ్యి మిషన్‌లా నడిచేది. 2016 ఫిబ్రవరిలో కేంద్రం కొత్త నిబంధన పెట్టింది. ఉద్యోగం మానేసినా యజమాని వాటా పీఎఫ్ 58 ఏళ్ళు నిండేదాకా తీసుకోవడానికి లేదని. ఏప్రిల్‌లో బెంగళూరు బట్టల ఫ్యాక్టరీల ఆడవాళ్ళు వేలమంది రోడ్ల మీదికి వచ్చారు, ఏప్రిల్ 19న ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. మంగమ్మ గారి చెల్లెలి కూతురు అక్కడే ఒక ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. ఆ పిల్ల ఫోన్ చేసి, డబ్బు ఇరుక్కుపోతుంది, ఉన్నదంతా లాగేసుకోమంది.

"ఆ రూలు రద్దయిపోయిందండి" అన్నాను నేను.

"ఇయ్యాల రద్దు చేసినోళ్ళు రేపు మళ్ళీ పెడితేనో?" అన్నారావిడ. దానికి నా దగ్గర జవాబు లేదు. పైగా ఇంట్లో కూతురి పెళ్ళి కుదిరింది. పనిలో ఉండగా పెళ్ళికి అడ్వాన్సు తీసుకోవాలంటే అప్పటి నిబంధనల్లో ఏడేళ్ళ సభ్యత్వం కావాలి. ఆవిడకి మూడేళ్ళే.

మే నెలాఖరుకి మానేశారు. రెండు నెలలు ఆగి కాగితాలు తెచ్చారు. పీఎఫ్‌కి ఫారం 19, పెన్షన్ తాలూకు ఫారం 10సి. రెండింటి మీదా నేనే సంతకం పెట్టాను. త్వరగా వస్తుందని కన్సల్టెంట్‌కి ఫోన్ కూడా చేశాను. సాయం చేస్తున్నాననుకున్నాను. పీఎఫ్ 41 వేలు, పెన్షన్ తాలూకు 20 వేలు వచ్చాయి. కూతురికి గొలుసు చేయించారు. సెప్టెంబర్‌లో మళ్ళీ పనిలోకి వచ్చేశారు, మేమూ సంతోషంగా చేర్చుకున్నాం.

ఫారం 10సిలో రెండు దారులు ఉంటాయి. డబ్బు తీసుకోవడం ఒకటి. స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోవడం రెండోది. సర్టిఫికెట్ తీసుకుంటే అప్పటిదాకా చేసిన సర్వీసు అలాగే నిలుస్తుంది, తర్వాత ఎక్కడ చేరినా దానికి కలుస్తుంది. డబ్బు తీసుకుంటే ఆ సర్వీసు అక్కడితో సరి, మళ్ళీ సున్నా నుంచి లెక్క. పీఎఫ్ 41 వేలు తీసుకుని, పెన్షన్ 20 వేలు మాత్రం ముట్టకుండా సర్టిఫికెట్ తీసుకోవచ్చు. ఆ ఫారం మీదే ఈ రెండూ రాసి ఉన్నాయి. నేను సంతకం చేయాల్సిన చోటు మాత్రమే చూశాను.

అది నాకు తెలిసింది 2020లో, సత్తిబాబు గారి వల్ల.

లాక్‌డౌన్ సడలి ప్రెస్సు మళ్ళీ తెరిచాం. ఏప్రిల్‌కి సగం జీతాలే ఇవ్వగలిగాను. వంద మంది లోపు ఉండి, అందులో 90 శాతం మంది జీతం 15,000 లోపు ఉన్న చోట్లకి మార్చి నుంచి ఆగస్టు దాకా రెండు వాటాలూ కేంద్రమే కట్టింది కాబట్టి పీఎఫ్ మట్టుకు ఊపిరి పీల్చుకున్నాం. జూన్‌లో కన్సల్టెంట్ ఫోన్ చేసి, "సత్తిబాబు గారికి జులై 1కి 58 నిండుతున్నాయి, పెన్షన్ వాటా ఆపేయాలి. పదేళ్ళు లేవు, ఆయనకి 10సి పెట్టించేయండి" అన్నాడు.

ఆయనకి అప్పుడే 58 ఏమిటి? 2014లో వివరాలు ఎక్కించేటప్పుడు నాన్నగారి పాత రిజిస్టర్లోంచి 1-7-1962 అని దింపాం. ఎవరో ఉజ్జాయింపుగా రాసిన తేదీ అది. ఆధార్‌లో 1-1-1965 ఉంది. మొదటి తేదీ ప్రకారం ఆయన సర్వీసు ఏడేళ్ళు, పెన్షన్ లేదు. రెండో తేదీ ప్రకారం 2022 డిసెంబర్ దాకా కట్టొచ్చు, తొమ్మిదేళ్ళ తొమ్మిది నెలలు అవుతుంది. ఆరు నెలలు, ఆపైన మిగిలితే దాన్ని ఏడాదిగా లెక్కకడతారు. అంటే పది. ఆ రాత్రి ఫారాల వెనక ఉండే నిబంధనలు మొదటిసారి అక్షరం అక్షరం చదివాను. మంగమ్మ గారి ఫారం కూడా ఫైల్లో దొరికింది.

సత్తిబాబు గారి అదృష్టం కొద్దీ ఆ ఏప్రిల్‌లోనే పీఎఫ్ సంస్థ ఒక సర్క్యులర్ ఇచ్చింది. రికార్డులో ఉన్న తేదీకీ ఆధార్‌కీ మధ్య తేడా మూడేళ్ళ లోపైతే ఆధార్ తేదీని ఒప్పుకుంటారు. తేడా రెండున్నరేళ్ళు. ఆన్‌లైన్‌లో ఆయన పెట్టారు, నేను ఆమోదించాను, నెల తిరిగేలోపు తేదీ మారింది. (2024 జనవరిలో పుట్టిన తేదీకి రుజువుల జాబితాలోంచి ఆధార్‌ని తీసేశారు. ఆ తర్వాత అయితే చదువు రాని మనిషికి స్కూలు టీసీ ఎక్కడ తెచ్చేవాళ్ళమో.)

ఇంకో టెన్షన్ మిగిలింది. జీతం లేని రోజుల్ని ఈసీఆర్‌లో (నెలనెలా పీఎఫ్‌కి పంపే లెక్క) ఎన్‌సీపీ డేస్ అని చూపిస్తాం, సర్వీసు లెక్కలో వాటిని కోసేస్తారు. లాక్‌డౌన్‌వి 38. జీతం లేకుండా పెట్టిన సెలవులు కలిపితే మొత్తం 71. తొమ్మిదేళ్ళ తొమ్మిది నెలల్లోంచి 71 రోజులు తీస్తే, తొమ్మిదిన్నర మీద దాదాపు ఇరవై రోజులు మిగులుతున్నాయి. "ఇక మీరు సెలవు పెట్టకండి, పెట్టినా జీతంతోనే పెట్టండి" అని చెప్పాను. ఆ రెండున్నరేళ్ళూ ఆయన హాజరు నేనే చూసుకున్నాను, పరీక్షలు రాసే పిల్లాడి హాజరు చూసినట్టు.

ఆ మధ్యలో నా జేబుకి ఒక దెబ్బ తగిలింది. పీఎఫ్ సొమ్ము మరుసటి నెల 15వ తేదీలోపు కట్టాలి. పూర్వం ఐదు రోజుల వెసులుబాటు ఉండేది, 2016లో తీసేశారు. ఒక స్కూలు బిల్లు రాక రెండు నెలలు 17నా 21నా కట్టాను. వడ్డీతో పోతుందనుకున్నాను. 2022 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. జీతంలోంచి పట్టిన పనివాళ్ళ వాటా గడువు దాటి ఒక్క రోజు ఆలస్యంగా కట్టినా అప్పటి ఆదాయపు పన్ను చట్టం లెక్కలో అది ఖర్చు కింద రాదు, ఎప్పటికీ రాదు అని. ఆ రెండు నెలల వాటా 60,720. అది నా ఆదాయంలో కలిసి 18 వేల పైన పన్ను పడింది. విచిత్రమేమిటంటే నా సొంత వాటా ఆలస్యమైనా రిటర్ను గడువు లోపు కడితే ఖర్చుగా ఒప్పుకునేవారు. కోపం తగ్గాక ఆలోచిస్తే అదీ సబబే అనిపించింది. పట్టినది వాళ్ళ డబ్బు, రెండు రోజులైనా నా దగ్గర ఎందుకుండాలి? ఇప్పుడు జీతాలకంటే ముందు చలానా తీస్తున్నాను, పదో తారీకు లోపే.

2023 జనవరిలో సత్తిబాబు గారు పెన్షన్ దరఖాస్తు, ఫారం 10డి పెట్టారు. చూపు తగ్గింది, కటింగ్ మిషన్ మీద ఇక చేయనన్నారు. అప్పుడు గ్రాట్యుటీ లెక్క తీశాను. ఏడాదికి పదిహేను రోజుల జీతం, నెలకి 26 రోజులుగా భాగించాలి. చివరి జీతం 14,500, సర్వీసు 29 ఏళ్ళు. పీఎఫ్‌లా ఇది 2013 నుంచి కాదు, మా దగ్గర మొదటి నుంచీ పది మంది పైనే ఉన్నారు కాబట్టి 1994 నుంచీ లెక్కే. 2,42,596 రూపాయలు. దీనికోసం నాన్నగారు గానీ నేను గానీ ఒక్క రూపాయి పక్కన పెట్టలేదు. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు వాడి ఇచ్చాను. ఈ వ్యాసం చదివే చిన్న యజమానులు ఎవరైనా ఉంటే, పీఎఫ్ కంటే ముందు దీని లెక్క ఈ రాత్రికే వేసుకోండి.

పెన్షన్ మంజూరైంది. చివరి అరవై నెలల సగటు జీతం 13,300. దాన్ని పదేళ్ళతో హెచ్చించి 70తో భాగిస్తే 1,900. నెలకి 1,900 ఏపాటి అని నవ్వేవాళ్ళు ఉంటారు, నిజంగానే అది పెద్ద మొత్తం కాదు. కనీస పెన్షన్ అయితే 2014 నుంచి వెయ్యి రూపాయల దగ్గరే ఉంది. కానీ మొదటి నెల డబ్బు పడ్డాక ఆయన ఫోన్లో మెసేజ్ పట్టుకుని ప్రెస్సుకి వచ్చి, చదివి చెప్పమన్నారు. చదివాను. "ఇది నేను పోయేదాకానా?" అన్నారు. "అవునండి, తర్వాత మీ ఆవిడకి వెయ్యి తగ్గకుండా" అన్నాను. ఏటా ఒకసారి బతికే ఉన్నట్టు జీవన్ ప్రమాణ్ ఇవ్వాలని కూడా చెప్పాను. "అదెంత పని, వేలు పెట్టడమేగా" అంటూ షెడ్డులోకి వెళ్ళి అందరికీ మెసేజ్ చూపించారు.

మంగమ్మ గారు అందరికంటే ఎక్కువసేపు చూశారు. సాయంత్రం పని దిగాక నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"సత్తిబాబు కంటే నేను ఏడు నెలలే చిన్న. మరి నాకు ఆగస్టులో పడతదా అండి?"

ఇన్నేళ్ళూ ఈ మాట నేనే ముందుగా చెప్పి ఉండాల్సింది. చెప్పడానికి మొహం చెల్లలేదు. అప్పుడు చెప్పాను. ఆ 20 వేలు, ఆ మూడేళ్ళు, రెండో దారి, నా సంతకం, అన్నీ. తీసుకోకుండా ఉంటే లాక్‌డౌన్ రోజులు పోయినా పదేళ్ళు నిండేవని, నెలకి పదిహేను వందల దాకా వచ్చేదని కూడా చెప్పాను. ఇప్పుడు ఏడేళ్ళ లెక్కకి ఒకేసారి 86 వేల చిల్లర వస్తుంది, నెలనెలా మాత్రం రాదు.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "ఆ గొలుసు రెండేళ్ళకే తాకట్టులో పోయిందండి" అన్నారు. ఇంకేమీ అనలేదు. గేటు దగ్గర చెప్పులేసుకుంటూ వెనక్కి తిరిగి, "ఆ కొత్త పిల్లలిద్దరికీ ఈ మాట ఇప్పుడే చెప్పండి" అన్నారు.

మర్నాడు పొద్దున్నే షెడ్డులో చాప మీద కూర్చుని ఫారం 10సి చూపించి చెప్పాను. ఇప్పుడు ఎవరు మానేసినా లెక్క చూసేముందు ఆ కాగితం తీస్తాను.

మంగమ్మ గారు ఇంకా పనిచేస్తున్నారు. 58 నిండాక పెన్షన్ ఖాతాకి కట్టడానికి ఉండదు, యజమాని వాటా మొత్తం పీఎఫ్‌లోకే పోతుంది. అందుకని ప్రతి నెలా ఈసీఆర్ నింపేటప్పుడు ఆవిడ పేరు ఎదురుగా పెన్షన్ గడిలో సున్నా వేస్తాను. మిగతా గళ్ళు గుమాస్తా నింపుతాడు, అదొక్కటీ నేనే వేస్తాను.